అన్నం మానేస్తే ఒళ్ళు తగ్గుతుందా?

పెళ్ళి పంక్తిలో మీరు భోజనానికి కూర్చున్నారనుకోండి. విస్తట్లో పప్పు, కూర, పులుసు, అప్పడం సిద్ధంగా ఉన్నాయి. వడ్డించే అతను అన్నం బేసిన్‌తో వచ్చాడు. మీ పక్కనున్న పెద్దాయన ఆకుకు రెండు చేతులూ అడ్డం పెట్టి, “నాకు అన్నం వద్దు నాయనా! ఒళ్ళు తగ్గించుకుంటున్నాను” అన్నాడు. ఆ తరువాత నూనెలో వేగిన గారెలు నాలుగు వేయించుకుని, వాటి మీద రెండు గరిటెల నెయ్యి పోయించుకుని తృప్తిగా ఆరగించాడు.

ఆయన చేసింది మంచి పనేనా? అన్నం మానేసిన వాళ్ళు నిజంగానే సన్నబడటం మీరూ చూసే ఉంటారు. మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గామని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. అయితే ఆ తగ్గిన రెండు కిలోలూ ఏమిటి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. దాన్ని విప్పి చూద్దాం.

మెట్లు వెనక్కి దిగిన మనిషి

ఈ కథ కొత్తదేమీ కాదు. 1862లో లండన్ నగరంలో విలియం బాంటింగ్ అనే ఆయన ఉండేవాడు. ప్రముఖుల అంత్యక్రియలు జరిపించడం వారి కుటుంబ వృత్తి. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువేమో 202 పౌండ్లు, అంటే దాదాపు 92 కిలోలు! వంగి తన బూట్ల తాడు తాను కట్టుకోలేకపోయేవాడు. మోకాళ్ళ మీద భారం పడకుండా మెట్లు వెనక్కి నడుస్తూ దిగేవాడు. ఎవరో చెబితే రోజూ పడవ నడిపాడు. కండలు గట్టిపడ్డాయి గాని, దానితో పాటు ఆకలీ పెరిగింది. బరువు ఎక్కడిదక్కడే ఉంది.

చివరకు వినికిడి తగ్గిందని విలియం హార్వే అనే చెవి వైద్యుని దగ్గరకు వెళ్ళాడు. (రక్తప్రసరణను కనుగొన్న హార్వే ఈయన కాదు సుమా! ఆయన 1657లోనే చనిపోయాడు.) ఈ హార్వే పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ అనే గొప్ప శాస్త్రజ్ఞుని ఉపన్యాసాలు విని వచ్చినవాడు. కాలేయం చక్కెరను తయారుచేసి రక్తంలోకి వదులుతుందని నిరూపించింది ఆ బెర్నార్డే. హార్వే బాంటింగ్‌ను పరీక్షించి, “రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానెయ్యండి” అన్నాడు. మాంసం, చేపలు, కొద్దిగా పండ్లు మాత్రం తినమన్నాడు.

ఏడాది తిరిగేసరికి బాంటింగ్ 46 పౌండ్లు, అంటే సుమారు 21 కిలోలు తగ్గిపోయాడు! ఆ ఆనందంలో 1863లో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. దానికి ఎంత పేరు వచ్చిందంటే, పథ్యం చేసి సన్నబడటాన్ని ఇంగ్లీషు వాళ్ళు ‘బాంటింగ్’ చెయ్యడం అనసాగారు. స్వీడన్ దేశపు భాషలో ఈనాటికీ ఆ పనికి ‘బాంటా’ అనే మాటే వాడుతున్నారు.

ఇదే సలహాను 1972లో అమెరికాలో రాబర్ట్ అట్కిన్స్ అనే వైద్యుడు మరో పుస్తకంగా రాస్తే లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 2017 ప్రాంతంలో మన తెలుగు ఊళ్ళలోనూ అన్నం మానేసి కొబ్బరినూనె తాగే పథ్యం ఇంటింటి కబురైంది. పేర్లు మారాయి గాని, మూలసూత్రం హార్వే చెప్పినదే.

బాంటింగ్ తగ్గాడు కాబట్టి ఇక సందేహమేముంది అంటారా? తొందరపడకండి. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. మనుషుల విషయంలో అలా కుదరదు. బాంటింగ్ రొట్టెతో పాటు వెన్న, చక్కెర, బీరు కూడా మానేశాడు కదా! ఏది మానడం వల్ల తగ్గాడో ఎలా చెప్పగలం?

గంజితో ఒక ప్రయోగం

ముందుగా పిండిపదార్థం అంటే ఏమిటో చూద్దాం. బియ్యం, గోధుమలు, జొన్నలు, రాగులు, దుంపలు – వీటన్నిటిలో ఎక్కువగా ఉండేది పిండిపదార్థమే. వేలకొద్దీ గ్లూకోజ్ అణువులు దండలో పూసల్లా ఒకదానికొకటి అతుక్కుంటే పిండిపదార్థం అవుతుంది.

ఈ దండ తెగడం మీరు కళ్ళారా చూడవచ్చు. రెండు గాజు గ్లాసుల్లో కొద్ది కొద్దిగా పలుచని గోరువెచ్చని గంజి తీసుకోండి. ఒకదానిలో చెంచాడు లాలాజలం (ఉమ్మి) కలపండి. పావుగంట ఆగి, రెండింటిలోనూ రెండేసి చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. మొదటి గ్లాసు నల్లని నీలిరంగుకు తిరుగుతుంది. లాలాజలం కలిపిన గ్లాసులో ఆ రంగు బాగా తగ్గిపోతుంది, లేదా అసలే రాదు. లాలాజలంలోని ఎంజైము పిండిపదార్థాన్ని చిన్న చిన్న చక్కెరలుగా తుంచేసిందన్నమాట. (ప్రయోగం అయిపోగానే గ్లాసులు శుభ్రంగా కడగండి. అయోడిన్‌ను నోట్లో పెట్టుకోకూడదు.)

మిగిలిన పని చిన్నప్రేగులో పూర్తవుతుంది. గ్లూకోజ్ రక్తంలోకి చేరుతుంది. క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. దాని ఆజ్ఞ మీద కణాలు గ్లూకోజ్‌ను లోపలికి తీసుకుని మండించి శక్తిని పొందుతాయి. ఆ శక్తి ఏ.టి.పి. అనే పదార్థం రూపంలో కండరాలకు అందుతుంది. కండరాలలో ఏ.టి.పి.ని కనుగొని 1929లో ప్రకటించిన వారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

అప్పటి అవసరానికి మించిన గ్లూకోజ్‌ను శరీరం పారబొయ్యదు. దాన్ని మళ్ళీ దండగా గుచ్చి గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలలో సుమారు 400 గ్రాములు – మొత్తం అర కిలో దాకా దాస్తుంది. ఆ గాదె నిండిన తరువాత కూడా రోజూ అవసరానికి మించి తింటూ ఉంటే, ఆ మిగులు కొవ్వుగా పేరుకుంటుంది.

రెండు కిలోల రహస్యం

ఇక కాగితం, కలం తీసుకోండి. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కించగల శక్తిని ఆహారశాస్త్రంలో ఒక కేలరీ అంటున్నాం. మన ఒంట్లోని ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు రావాలి. ఒక పెద్దాయన మూడు రోజుల్లో 2 కిలోలు తగ్గాడనుకుందాం. అదంతా కొవ్వే అయితే 15,400 కేలరీలు ఖర్చయి ఉండాలి.

కాని ఆయనకు రోజుకు కావలసింది మహా అయితే 2,500 కేలరీలు. మూడు రోజులకు 7,500. అంటే, ఆ మూడు రోజులూ మెతుకు ముట్టకుండా కటిక ఉపవాసం ఉన్నా ఒక కిలో కొవ్వు కరగదు! మరి రెండు కిలోలు ఎలా తగ్గాడు?

జవాబు గ్లైకోజెన్‌లో ఉంది. శరీరం ఒక గ్రాము గ్లైకోజెన్‌ను దాచేటప్పుడు దానితో పాటు సుమారు 3 గ్రాముల నీటిని కూడా పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే శరీరం తన గాదెలోని గ్లైకోజెన్‌ను తీసి వాడుకుంటుంది. దానితో ఉన్న నీరు మూత్రంగా పోతుంది. లెక్క చూడండి: 500 గ్రాముల గ్లైకోజెన్, 1,500 గ్రాముల నీరు, వెరసి 2 కిలోలు! తూకం యంత్రం చెప్పింది నిజమే. తగ్గిన దాంట్లో ఎక్కువ భాగం నీళ్ళని మాత్రం అది చెప్పలేదు. ఆయన మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టగానే ఆ నీరూ, ఆ బరువూ తిరిగి వస్తాయి.

శాస్త్రజ్ఞులు తూచి చూశారు

అయితే నెలల తరబడి మానిన వాళ్ళ సంగతేమిటి? వాళ్ళలో నిజంగానే కొవ్వు తగ్గుతుంది. దానికి కారణం ఏమిటన్నదే వాదం. “పిండిపదార్థాలు తింటే ఇన్సులిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ కొవ్వును కరగనివ్వదు, కాబట్టి పిండిపదార్థాలు మానితేనే కొవ్వు కరుగుతుంది” అని కొందరు వాదించారు. వినడానికి బాగానే ఉంది. కాని శాస్త్రంలో వినడానికి బాగుంటే చాలదు, పరీక్షకు నిలబడాలి.

అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన కెవిన్ హాల్ బృందం ఆ పరీక్ష చేసి 2015లో ఫలితాలు ప్రకటించింది. స్థూలకాయులైన 19 మందిని ఆస్పత్రి వార్డులోనే ఉంచి, ప్రతి ముద్దా తూచి పెట్టారు. ఒక విడతలో ఆరు రోజుల పాటు పిండిపదార్థాలు తగ్గించారు. మరో విడతలో మరో ఆరు రోజులు అన్నే కేలరీలకు సరిపడా కొవ్వు పదార్థాలు తగ్గించారు. పిండిపదార్థాలు తగ్గించినప్పుడు ఇన్సులిన్ తగ్గిన మాట నిజమే. కాని శరీరంలోని కొవ్వు తగ్గింది రోజుకు సుమారు 53 గ్రాములు. కొవ్వు పదార్థాలు తగ్గించినప్పుడు సుమారు 89 గ్రాములు!

అది ఆరు రోజుల ముచ్చట. ఇళ్ళలో ఉండి ఎవరి వంట వాళ్ళు వండుకునే మనుషుల్లో ఏం జరుగుతుంది? 2003లో వెలువడిన ఒక పరిశీలనలో 63 మందిని చూశారు. మొదటి ఆరు నెలల్లో పిండిపదార్థాలు తగ్గించినవాళ్ళే ముందున్నారు. ఏడాది గడిచేసరికి మాత్రం తేడా చెప్పుకోదగినంత మిగలలేదు. 2009లో 811 మందితో చేసిన మరో పరిశీలనలో నాలుగు రకాల పథ్యాలు పెట్టారు. రెండేళ్ళ తరువాత అన్ని గుంపుల వాళ్ళూ దాదాపు ఒకటే తగ్గారు – సగటున సుమారు 4 కిలోలు. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 609 మందిని ఏడాది పాటు పరిశీలించారు. పిండిపదార్థాలు తగ్గించినవాళ్ళు సగటున 6.0 కిలోలు, కొవ్వు తగ్గించినవాళ్ళు 5.3 కిలోలు తగ్గారు. ఆ స్వల్ప భేదం లెక్కలోకి రాదు. ఒకే పథ్యం చేసినవాళ్ళలోనే కొందరు పాతిక కిలోలు తగ్గితే, కొందరు ఎదురు పెరిగారు!

అంటే ఏమిటన్నమాట? పిండిపదార్థాలు మానడంలో మంత్రమేమీ లేదు. మొత్తం మీద తినేది తగ్గితేనే బరువు తగ్గుతుంది. అన్నం మానినవాళ్ళకు అది కొంత తేలికవుతుంది. ఎందుకంటే అన్నంతో పాటు దానిలో కలుపుకునే నెయ్యి, పచ్చళ్ళ నూనె, తరువాత వచ్చే పాయసం కూడా ఆగిపోతాయి. మాంసకృత్తులు ఎక్కువ తింటే ఆకలి త్వరగా తీరుతుంది. అదీ కిటుకు.

పళ్ళెంలో దొంగ ఎవరు?

ఒక గ్రాము పిండిపదార్థం 4 కేలరీలు ఇస్తుంది. మాంసకృత్తులూ అంతే. కొవ్వు మాత్రం 9 కేలరీలు ఇస్తుంది. వండిన అన్నం 100 గ్రాములు తింటే సుమారు 130 కేలరీలు. దాని మీద పోసుకున్న ఒక పెద్ద చెంచాడు నెయ్యి లేదా నూనె కూడా ఇంచుమించు అంతే! ఇప్పుడు అర్థమయిందా, గారెలు తిన్న పెద్దాయన లెక్క ఎక్కడ తప్పిందో?

అలాగని అన్నానికి తప్పే లేదనీ కాదు. మన పళ్ళెంలో అన్నం కొండంత, పప్పు పిసరంత, కూర గోరంత. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహా ప్రకారం, మనకు కావలసిన కేలరీలలో ధాన్యాల నుంచి వచ్చేవి నూటికి 45 మించకూడదు. కాబట్టి అన్నం కొంత తగ్గించి, ఆ చోట పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూరలు, కాయగూరలు పెంచాలి. పై పొర తీసేసిన తెల్లని బియ్యానికి బదులు అప్పుడప్పుడు దంపుడు బియ్యం, జొన్న, రాగి తినాలి. ఇక నిజంగా మానవలసినవి చక్కెర పానీయాలు. ఒక చిన్న సీసాడు కూల్‌డ్రింకులో 30 గ్రాముల చక్కెర ఉంటుంది. కడుపు నిండదు, కేలరీలు మాత్రం చేరతాయి.

ఇది మీ కోసం

అన్నం పూర్తిగా మానేస్తే కొద్ది రోజులకు కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు అనే పదార్థాలను తయారుచేస్తుంది. మెదడు వాటితో కొంతవరకు సర్దుకుంటుంది. కాని ఆ మార్పు జరిగేటప్పుడు తలనొప్పి, నీరసం, మలబద్ధకం రావచ్చు. మూర్ఛవ్యాధి ఉన్న కొందరు పిల్లలకు డాక్టర్లు ఇలాంటి పథ్యం పెట్టే మాట నిజమే. అది మందులాంటిది, వాళ్ళ పర్యవేక్షణలోనే జరుగుతుంది. మధుమేహం ఉన్న పెద్దలకు పిండిపదార్థాలు తగ్గించడం మేలు చేస్తుంది. కాని ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే మాత్రలు గాని వాడుతూ డాక్టరుకు చెప్పకుండా హఠాత్తుగా అన్నం మానేస్తే, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. మీ ఇంట్లో తాతయ్యో, అమ్మమ్మో ఆ పని చేయబోతుంటే తప్పక చెప్పండి.

ఇక మీరు. పదమూడు, పద్నాలుగేళ్ళ వయస్సంటే ఎముకలు సాగే కాలం, కండ పట్టే కాలం. ఈ వయస్సులో కాస్త ఒళ్ళు రావడం కూడా ఎదుగుదలలో భాగమే. బడిలో ఎవరో ‘బొద్దు’ అని వెక్కిరించారని పొద్దుటి టిఫిను, రాత్రి అన్నం మానేసే అమ్మాయిలున్నారు, అబ్బాయిలూ ఉన్నారు. దానివల్ల తగ్గేది మొదట నీళ్ళు, ఆ తరువాత చదువు మీద ధ్యాస, ఆటలో ఓపిక. బరువు నిజంగా ఎక్కువనిపిస్తే ఇంట్లో చెప్పి డాక్టరుకు చూపించుకోండి. రోజూ సాయంత్రం గంటసేపు చెమట పట్టేలా ఆడండి.

ఈ పూట భోజనానికి కూర్చున్నప్పుడు మీ పళ్ళెం ఒకసారి పరకాయించి చూడండి. అన్నం ఎంత, పప్పు ఎంత, కూర ఎంత, నూనె ఎంత? ఆ నాలుగింటినీ సరిచేసుకున్నవాడికి ఆకుకు చేతులు అడ్డం పెట్టవలసిన పని ఉండదు.