పడవను నడిపేది కాళ్లే!



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో కబడ్డీ, ఖో-ఖో, వాలీబాల్ గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఈసారి మనలో చాలామంది టీవీలో తప్ప చూడని ఒక ఆట గురించి రాయాలని పూర్వ విద్యార్థులం కొందరం అనుకున్నాం. అదే రోయింగ్, అంటే తెడ్లతో పడవ నడిపే పోటీ. హాస్టల్ విడిచి వెళ్లాక మాకు ఈ ఆటతో పరిచయం కలిగింది. అందులో మేము నేర్చుకున్న మెలకువలు తమ్ముళ్లకు ఉపయోగపడతాయని ఈ వ్యాసం.

"మా ఊళ్లో తాగడానికే నీళ్లు లేవు, మాకు పడవలెక్కడివి?" అని మీరు అడగవచ్చు. మహారాష్ట్రలో నాసిక్ జిల్లాలోని ఒక కరువు పల్లెలో పుట్టిన దత్తు భోకనల్ తండ్రితో కలిసి బావులు తవ్వే కూలి పని చేశారు. 2012లో సైన్యంలో చేరాకే ఆయన తెడ్డు పట్టారు. నాలుగేళ్లు తిరిగేసరికి 2016 రియో ఒలింపిక్స్‌లో ఒంటరి పడవ పోటీలో 13వ స్థానంలో నిలిచారు. ఆసియా క్రీడల రోయింగ్‌లో మన దేశానికి మొట్టమొదటి స్వర్ణం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్‌ది ఎడారి రాష్ట్రమైన రాజస్థాన్. ఆయన ఆ పతకం గెలిచింది 2010లో, చైనాలోని గ్వాంగ్జౌలో. ఇద్దరూ సైన్యంలో ఉండగానే ఈ ఆటలో రాణించారు. మన హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లోనూ జాతీయ స్థాయి రోయింగ్ పోటీలు పలుమార్లు జరిగాయి. చిన్నతనంలోనే మొదలుపెట్టకపోయినా పైకి రాగల ఆటల్లో ఇదొకటి. పొడుగు, కాళ్ల బలం, ఊపిరి, ఓర్పు ఉంటే చాలు. ఇవి మన హాస్టళ్లలో కొదువ లేనివే.

అయితే ఒక చిక్కుంది. రోయింగ్‌కు పిల్లలను ఎంపిక చేసేటప్పుడు సాధారణంగా ముందు రోయింగ్ మెషిన్ మీద కూర్చోబెట్టి చూస్తారు. పొలం పనుల్లో రాటుదేలిన కుర్రాడు బలమంతా చేతుల్లో పెట్టి లాగుతాడు. రెండు నిమిషాల్లో భుజాలు పడిపోతాయి, నడుము పట్టేస్తుంది. పక్కనే అంత కండ లేని కుర్రాడు తాపీగా అతణ్ణి దాటిపోతాడు. వచ్చిన అవకాశం బలం లేక కాదు, పద్ధతి తెలియక చేజారుతుంది. అలా జరగకూడదనే మా ఉద్దేశం.

ఆట స్వరూపం

గోదావరి మీద పడవవాళ్లను, కేరళ పాము పడవల పందేలను మీరు చూసే ఉంటారు. పాము పడవలో తెడ్డును చేతుల్లోనే పట్టుకుని ముందుకు చూస్తూ వేస్తారు. రోయింగ్‌లో అలా కాదు. తెడ్డును పడవకు అమర్చిన చట్రంలో బిగిస్తారు. ఆడేవాడు గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటాడు. పాదాలను ఒక పలకకు కట్టేసి ఉంచుతారు. కింద సీటుకు చిన్న చక్రాలుంటాయి. అది పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. సీటు జరిగేది ఎందుకంటే, కాళ్లను పూర్తిగా వాడుకోవడానికి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఆట సగం అర్థమైనట్టే.

ఒలింపిక్స్‌లో పోటీ దూరం 2000 మీటర్లు. ఒక్కరు నడిపే పడవ పొడవు సుమారు 8 మీటర్లు, నీటిని తాకే చోట వెడల్పు దాదాపు ఒక అడుగు. నిబంధనల ప్రకారం బరువు 14 కిలోలకు తగ్గకూడదు. అంటే మన మెస్‌కు వచ్చే బియ్యం బస్తా కన్నా ఆ పడవ ఎంతో తేలిక!

ఒక స్ట్రోక్‌లో నాలుగు దశలు

తెడ్డు ఒకసారి వేసి మళ్లీ మొదటికి రావడాన్ని స్ట్రోక్ అంటారు. అందులో నాలుగు దశలున్నాయి.

1. క్యాచ్: మోకాళ్లు ముడుచుకుని, పిక్కలు దాదాపు నిలువుగా ఉండాలి. చేతులు చాచి, నడుము దగ్గర కాస్త ముందుకు వంగాలి. వీపు గూని పోకూడదు. ఇక్కడే తెడ్డు నీటిలో పడుతుంది.

2. డ్రైవ్: పాదాలతో పలకను తోయాలి. కాళ్లు చాలావరకు చాపుకున్నాక నడుమును వెనక్కి తిప్పాలి. చివరగా చేతులు లాగాలి.

3. ఫినిష్: కాళ్లు చాచి, వీపు కొద్దిగా వెనక్కి వాలి, పిడి ఛాతీ కింది భాగానికి తాకాలి. ఇక్కడ తెడ్డు నీటి నుంచి బయటికి వస్తుంది.

4. రికవరీ: అదే దారిలో తిరుగు ప్రయాణం. ముందు చేతులు చాచాలి, తర్వాత నడుము వంచాలి, పిడి మోకాళ్లు దాటాకే మోకాళ్లు ముడవాలి.

పోయేటప్పుడు కాళ్లు, నడుము, చేతులు. వచ్చేటప్పుడు చేతులు, నడుము, కాళ్లు. ఎక్కాల్లా దీన్ని కంఠతా పట్టండి. నడుము ఎంత వంగాలన్న అనుమానం వస్తే గడియారాన్ని తలచుకోండి. పక్క నుంచి చూస్తే ఒకవైపు 1 గంట ముల్లంత, రెండోవైపు 11 గంటల ముల్లంత, అంతే. అంతకు మించి వాలితే తిరిగి లేవడానికే శక్తి ఖర్చవుతుంది.

ఈ వరుస ఎందుకు?

శరీరంలో అన్నిటికన్నా పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి. చేతి కండరాలు వాటి ముందు చిన్నవి, త్వరగా అలసిపోతాయి. బరువైన పని పెద్దవాళ్లు మొదలుపెట్టాలి, చిన్నవాళ్లు ముగించాలి. నిలకడగా ఉన్న బండిని కదిలించడం కష్టం, కదిలాక తోయడం తేలిక కదా! తెడ్డు నీళ్లు పట్టుకున్న క్షణంలోనే భారం ఎక్కువ. అక్కడ చేతులతో లాగితే కాళ్లు చేయాల్సిన పని చేతుల నెత్తిన పడుతుంది.

బస్తా ఎత్తే హమాలీని గమనించండి. మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి, కాళ్లతో లేస్తాడు. బస్తాను నడుముతో లేపేవాడు ఎక్కువ రోజులు ఆ పని చేయలేడు. రోయింగ్ కూడా అంతే, కాకపోతే ఇక్కడ బస్తా ఎత్తడం అడ్డంగా జరుగుతుంది. చేతులు డ్రైవ్ మొదట్లో బావి చేదకు కట్టిన తాడులాంటివి. తాడు లాగదు, బిగుతుగా ఉండి లాగేవాడి బలాన్ని చేదకు అందిస్తుంది.

తిరుగు ప్రయాణంలో తొందర వద్దు

కొత్తవాళ్లు ఎక్కువగా నష్టపోయేది రికవరీలోనే. చెరువులో తెప్ప మీద ఒక కొస నుంచి రెండో కొసకు నడిస్తే తెప్ప ఎదురు దిక్కుకు జరగడం మీలో కొందరికి అనుభవమే. రోయింగ్ పడవలోనూ అదే సూత్రం. పడవ 14 కిలోలు, మనిషి 70 కిలోలు అనుకోండి. రికవరీలో మనిషి పడవ వెనుక కొస వైపు జరుగుతుంటే పడవ ముందుకు ఉరుకుతుంది. స్ట్రోక్ మొత్తంలో పడవ అత్యధిక వేగం అందుకునేది అప్పుడే. అలాంటి సమయంలో సీటును దబాలున తెచ్చి చివర ఆపితే, ఆ బరువంతా పాదాల ద్వారా పడవను వెనక్కి తోస్తుంది. కష్టపడి సంపాదించిన వేగాన్ని మన చేతులారా పోగొట్టుకోవడమే ఇది.

అందుకే డ్రైవ్‌కు పట్టే సమయానికి రెట్టింపు సమయం రికవరీకి ఇవ్వాలి. నిమిషానికి 20 స్ట్రోకులు వేస్తే ఒక్కోదానికి 3 సెకన్లు. అందులో 1 సెకను తోయడానికి, 2 సెకన్లు రావడానికి. ఉయ్యాల ఊపేవాడు అది వెనక్కి వచ్చేదాకా ఆగి అప్పుడే తోస్తాడు, అలాగన్నమాట. పోటీలో స్ట్రోకుల సంఖ్య పెరిగినప్పుడు ఈ తేడా తగ్గుతుంది గాని, నేర్చుకునేటప్పుడు మాత్రం ఇదే లెక్క.

మెషిన్ చెప్పేది, చెప్పనిది

ఇప్పుడు మెషిన్ సంగతి చూద్దాం. ఎక్కువ చోట్ల కనిపించే కాన్సెప్ట్ 2 మెషిన్‌లో గొలుసు లాగితే రెక్కల చక్రం తిరుగుతుంది. ఆ రెక్కలను అడ్డుకునే గాలే మనకు బరువుగా తగులుతుంది. చక్రం పక్కన 1 నుంచి 10 వరకు అంకెలున్న మీట ఉంటుంది. దాన్ని 10 మీద పెట్టడం మగతనం అనుకుంటారు కొందరు. నిజానికి అది సైకిల్ గేరు లాంటిది. అంకె పెరిగేకొద్దీ గాలి ఎక్కువ లోపలికి వెళ్లి చక్రం త్వరగా నెమ్మదిస్తుంది, బరువైన మొద్దు పడవలో కూర్చున్నట్టు ఉంటుంది. 3 నుంచి 5 మధ్య పెట్టుకుంటే తేలికపాటి పోటీ పడవకు దగ్గరగా ఉంటుంది, నడుముకూ మంచిది.

తెర మీద కనిపించే ముఖ్యమైన అంకె 500 మీటర్లకు పట్టే సమయం. దీని వెనుక ఒక లెక్క ఉంది. వేగం పెరిగితే కావలసిన శక్తి వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. 500 మీటర్లకు 2 నిమిషాల 30 సెకన్ల వేగానికి సుమారు 104 వాట్లు చాలు. 2 నిమిషాల వేగానికి సుమారు 203 వాట్లు కావాలి. సమయంలో తగ్గేది ఐదో వంతు, శక్తి మాత్రం దాదాపు రెట్టింపు! కాబట్టి పరీక్షలో మొదటి నిమిషం చెలరేగిపోయి తర్వాత కూలబడేవాడి కన్నా మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో లాగేవాడికే మంచి సమయం వస్తుంది.

మెషిన్ చెప్పని విషయాలు కూడా ఉన్నాయి. అది నేల మీద కదలకుండా ఉంటుంది. అందువల్ల రికవరీలో తొందరపడినా తెర మీద అంకె పెద్దగా తగ్గదు. ఒరిగిపోవడం, తెడ్డు లోతు అక్కడ లేనే లేవు. మెషిన్ మీద మంచి అంకె వచ్చినవాడు నీటి మీద తడబడటానికి కారణం ఇదే. మెషిన్ మీద కూడా కింద పడవ ఉందనుకుని సీటును మెత్తగా తెచ్చే అలవాటు చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

నీటి మీద అదనంగా

నీటి మీద బ్లేడు (తెడ్డు చివరి వెడల్పు భాగం) మునిగేంత లోతుకే వెళ్లాలి. లోతుగా దించితే శ్రమ పెరుగుతుంది గాని వేగం పెరగదు. ఫినిష్‌లో పిడిని కిందికి నొక్కి బ్లేడును నిలువుగానే బయటికి తీయాలి. తర్వాత దాన్ని బల్లపరుపుగా తిప్పాలి. క్యాచ్‌కు ముందే మళ్లీ నిలువు చేయాలి. ఈ తిప్పడం ఆలస్యమైతే బ్లేడు ఏటవాలుగా నీటిలో చిక్కుకుని పిడి మన మీదికి దూసుకొస్తుంది. దీన్ని 'క్రాబ్' అంటారు. క్రాబ్ అంటే పీత. నిజంగానే పీత పట్టి లాగినట్టుంటుంది.

పడవ సమతూకం చేతుల ఎత్తు మీద ఆధారపడుతుంది. ఒక పిడి పైకి, ఒకటి కిందికి పోతే పడవ ఒరుగుతుంది. ఇద్దరు, నలుగురు, ఎనిమిది మంది నడిపే పడవల్లో అందరి బ్లేడ్లూ ఒకేసారి నీటిలో పడాలి, ఒకేసారి లేవాలి. 2018 ఆసియా క్రీడల్లో ఒంటరి పోటీలో ఆరో స్థానంతో సరిపెట్టుకున్న దత్తు, మరునాడే స్వర్ణ్ సింగ్, ఓం ప్రకాశ్, సుఖ్‌మీత్ సింగ్‌లతో కలిసి నలుగురి పడవలో స్వర్ణం గెలిచారు. ఒకరి ఊపు ఇంకొకరికి తోడైతే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

తప్పులు, దిద్దుబాటు

సీటు ముందే వెనక్కి జారిపోయి, పిడి కదలకుండా ఉండిపోతోందా? కాళ్ల బలం పిడికి అందడం లేదన్నమాట. సీటు ఎంత కదిలితే పిడి అంత కదలాలి. పొట్ట బిగించి ఉంచండి.

మోచేతులు మొదట్లోనే వంగుతున్నాయా? కొన్ని నిమిషాలు చేతులు అసలు వంచకుండా కాళ్లతో మాత్రమే తోసి చూడండి.

పిడి మోకాళ్లకు తగులుతోందా? మోకాళ్లు తొందరపడ్డాయి. చేతులు చాచి, నడుము వంచి, అక్కడ ఒక్క క్షణం ఆగి అప్పుడు ముడవండి.

పాదాల పట్టీలు విప్పి నెమ్మదిగా లాగడం మంచి సాధన. అతిగా వెనక్కి వాలితే పాదాలు లేచిపోయి తప్పు వెంటనే తెలిసిపోతుంది. దీన్ని మెషిన్ మీద మొదలుపెట్టండి.

వరండాలో సాధన

మెషిన్ లేదని బాధపడవద్దు. వరండాలో కూర్చుని కాళ్లు చాచి ఒక కర్ర పట్టుకోండి. ముందు చేతులతో మాత్రమే, తర్వాత చేతులు-నడుముతో, ఆ తర్వాత మోకాళ్లు సగం ముడిచి, చివరికి పూర్తిగా ముడిచి, ఒక్కొక్కటి 20 సార్లు చేయండి. సీటు జరగకపోయినా వరుస ఒంటపడుతుంది. పక్కన ఒక మిత్రుణ్ణి నిలబెట్టి చూడమనండి, మన వీపు మనకు కనిపించదు. గుంజీలు, మెట్లెక్కడం, పరుగు ఎలాగూ ఉన్నాయి. నడుములో నొప్పి వస్తే ఆపేయండి, ఓర్చుకోవడం గొప్ప కాదు.

అన్నిటికన్నా ముఖ్యం ఈత. ఈత రాకుండా పడవ ఎక్కవద్దు. చెరువుల్లో, కాలువల్లో ఒంటరిగా దిగవద్దు. తెలిసినవాళ్ల సమక్షంలోనే నేర్చుకోండి.

2014లో మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. అంతకు ముందు మంచు కొండలు మన పిల్లలకు కావని అనుకున్నవాళ్లు ఎందరో. నీళ్ల ఆటలూ అంతే. ఎక్కడైనా రోయింగ్ ఎంపికలు ఉన్నాయని తెలిస్తే మొహమాటపడకుండా వెళ్లండి. మెషిన్ మీద కూర్చోగానే మీట చూసుకోండి, వీపు నిటారుగా పెట్టండి, కాళ్లతో తోయండి, తాపీగా తిరిగి రండి. మీ బలం ఎంతో కోచ్‌కు కనిపించేలా చేసేది ఆ వరుసే. వచ్చే సంచికలో ఈ ఆట గురించి మీలో ఒకరు రాయాలని మా కోరిక.