చిన్న కారుకు చాలినంత సామర్థ్యం ఉన్నదా?

హైదరాబాదు నగరాన్ని చుట్టివచ్చే నెహ్రూ ఔటర్ రింగు రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. పోవడానికి నాలుగు వరుసలు, రావడానికి నాలుగు వరుసలు. దారిలో కూడళ్లు లేవు, ఎర్రదీపాలు లేవు. 2023లో ఈ రోడ్డుపై గరిష్ఠవేగాన్ని గంటకు 100 నుండి 120 కిలోమీటర్లకు పెంచారు. దీనిని ఎక్కదలచిన కారు టోలుగేటు దగ్గర ఆగి, లేక ఆగినంత పనిచేసి, ర్యాంపు మీదుగా వచ్చి, అప్పటికే పరుగులో ఉన్న లారీల, బస్సుల వరుసలో చోటు చూచుకొని దూరవలసి ఉంటుంది. పిల్లకాలువ ఏటిలో కలిసినట్లు కలియాలి. కాలువనీటికి ఏటివేగం దానంతట అదే వస్తుంది. కారు మాత్రం ఆ వేగాన్ని తన ఇంజనుతో తాను తెచ్చుకోవాలి.

చిన్న కారు కొనదలచినవారికి సందేహం కలిగేది ఇక్కడే. “ఎనిమిది వందల సి.సి. బండికి పికప్పు ఎక్కడిది? పెద్ద రోడ్డు మీద లారీ క్రింద పడిపోతుంది” అనే మాట తరచు వినవస్తుంది. ఈ మాటలో నిజమెంతో తేల్చడానికి పెద్ద యంత్రశాస్త్రం అవసరం లేదు. ఉన్నత పాఠశాలలో నేర్పే గతిశక్తి సూత్రం, సామర్థ్యపు నిర్వచనం చాలు.

ఉదాహరణకు 2012లో విడుదలై 2023 వరకు అమ్ముడైన మారుతి ఆల్టో 800ను తీసుకొనవచ్చును. దాని ఇంజను 796 ఘనసెంటీమీటర్లది. నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు అది 48 అశ్వసామర్థ్యాన్ని, అంటే సుమారు 35 కిలోవాట్లను ఇస్తుంది. కారు బరువు 700 కిలోగ్రాముల దరిదాపున ఉంటుంది. నలుగురు మనుషులు, కొంత సామాను ఎక్కితే మొత్తం 1000 కిలోగ్రాములనుకొనవచ్చును. అక్కడ 48 అనేది 75 కిలోగ్రాముల బరువును సెకనుకు ఒక మీటరు ఎత్తే సామర్థ్యం ఒకటిగా లెక్కించిన మెట్రిక్ అశ్వసామర్థ్యం. జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రాలను గుఱ్ఱాలతో పోల్చి చెప్పడానికి ఏర్పరచిన కొలత దీనికన్నా కొంచెం పెద్దది. బజారులో రెండూ కలగాపులగంగా వాడుతారు కాబట్టి లెక్కలన్నీ కిలోవాట్లలో చేయడమే మేలు.

ఈ కారు ర్యాంపు వంపు దాటేసరికి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఉన్నదనీ, ఎడమవరుసలోని వాహనాలు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నాయనీ అనుకొందాం. సెకనుకు మీటర్లలో ఇవి వరుసగా 8.3, 22.2. గతిశక్తి అంటే ద్రవ్యరాశిని వేగపు వర్గంతో గుణించగా వచ్చినదానిలో సగం. 30 కిలోమీటర్ల వద్ద కారు గతిశక్తి సుమారు 35 కిలోజౌళ్లు, 80 వద్ద 247 కిలోజౌళ్లు. తేడా 212 కిలోజౌళ్లు. ర్యాంపు అయిపోయేలోగా ఇంజను ఈ కారులో నింపవలసిన శక్తి ఇంతే.

35 కిలోవాట్ల ఇంజను 212 కిలోజౌళ్లను ఆరు సెకన్లలో ఇవ్వాలి గదా అని విద్యార్థులు అడగవచ్చును. అడగవలసిన ప్రశ్నే. కాని 35 కిలోవాట్లు అనేది 6000 చుట్ల వద్ద మాత్రమే లభించే సంఖ్య. వేగం పుంజుకొనే కాలమంతా ఇంజను ఆ చుట్లవద్దనే ఉండదు. మధ్య గేరు మార్చేటప్పుడు క్షణకాలం చక్రాలకు ఏమీ అందదు. గేర్లలోను, ఇరుసులలోను కొంత ఘర్షణకు పోతుంది. సగటున 60 శాతం, అనగా 21 కిలోవాట్లు చక్రాలకు చేరితే బాగా నడిపినట్లే. అందులో నుండి గాలి నిరోధానికీ, టైర్ల దొర్లుడు ఘర్షణకూ ఈ వేగాలలో సగటున మూడు కిలోవాట్లకు పైగా పోతాయి. మిగిలేది సుమారు 18. ఆ లెక్కన 212 కిలోజౌళ్లకు పట్టే కాలం 12 సెకన్లు.

ఈ 12 సెకన్లలో కారు ఎంత దూరం పోతుంది? త్వరణం ఒకే రీతిగా ఉన్నదనుకొని సగటువేగంతో గుణిస్తే 180 మీటర్లు వస్తుంది. నిజానికి ఇంకొంచెం ఎక్కువ. సామర్థ్యం స్థిరంగా ఉన్నప్పుడు కాలంతో పాటు ఒకే రీతిగా పెరిగేది గతిశక్తి. అంటే వేగపు వర్గం, వేగం కాదు. అందుచేత కారు మొదట చురుకుగాను, పోనుపోను మందంగాను వేగం పుంజుకొంటుంది. రెండు వేగాల ఘనాల తేడాను ద్రవ్యరాశితో గుణించి, సామర్థ్యానికి మూడింతలతో భాగిస్తే దూరం వస్తుంది. (కలనగణితం తెలిసిన విద్యార్థులు దీనిని రెండు పంక్తులలో సాధించవచ్చును.) ఇక్కడ ఆ దూరం 190 మీటర్లకు కొంచెం పైన.

కాబట్టి 80 కిలోమీటర్లతో పోయే వరుసలో కలియడానికి నిండుగా ఎక్కిన చిన్న కారుకు కూడా రెండువందల మీటర్ల దారి చాలు. సామర్థ్యం లేదనే మాట ఇంతవరకు నిలువదు.

కాని వరుస 100 కిలోమీటర్లతో పోతూ ఉంటే పరిస్థితి మారిపోతుంది. 80కీ 100కీ ఉన్న తేడా నాలుగో వంతే గదా అనిపిస్తుంది. దూరం ఘనాలననుసరించి పెరుగుతుంది కాబట్టి అది దాదాపు రెట్టింపవుతుంది. పైగా వేగంతో గాలి నిరోధం పెరిగి మిగులు సామర్థ్యం సగటున 16 కిలోవాట్లకు దిగుతుంది. లెక్క కడితే 22 సెకన్లు, 430 మీటర్లకు పైబడిన దారి. ఇంత పొడవైన ర్యాంపు అన్ని చోట్ల దొరకదు. చిన్న కారు ఎడమవరుసలోనే కలిసి, అక్కడే మిగతా వేగం నిదానంగా తెచ్చుకొనవలసిన కారణం ఇదే.

గాలి నిరోధాన్ని గూర్చి కొంచెం విపులంగా చెప్పడం అవసరం. నిరోధబలం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. దానిని జయించే సామర్థ్యం ఘనాన్ని అనుసరిస్తుంది. ఇటువంటి కారు సమతలంపై 80 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోవడానికి చక్రాల వద్ద కావలసినది టైర్ల ఘర్షణతో కలిపి ఏడు కిలోవాట్లకు కొద్దిగా పైన, అంటే పది గుఱ్ఱాలు. 100 వద్ద పదిహేడు. 120 వద్ద ఇరువది ఏడు. నలభై ఎనిమిదింటిలో ఇరువది ఏడు నిలకడకే పోతే, ముందున్న బస్సును దాటడానికి మిగిలేదెంత? ఇంజను బలహీనత నిజంగా బయటపడేది రోడ్డు ఎక్కేటప్పుడు కాదు, ఎక్కిన తరువాత 100 దాటి ఇంకొకరిని దాటబోయినప్పుడు. జనం భయపడేది మొదటిదానికి; భయపడవలసినది రెండవదానికి.

నిలకడగా పోవడానికి ఎంత తక్కువ చాలునో పాత కార్లు చూపుతాయి. 1948లో ఫ్రాన్సులో వెలువడిన సిత్రోయెన్ 2 సి.వి. ఇంజను 375 సి.సి., సామర్థ్యం 9 గుఱ్ఱాలు. 1957 నాటి ఇటలీ ఫియట్ 500కు 13. 2009లో మన దేశంలో రోడ్డెక్కిన టాటా నానోకు 624 సి.సి., 35 గుఱ్ఱాలు. ఇక మన రోడ్లపై దశాబ్దాల పాటు హుందాగా తిరిగిన అంబాసిడరును ఎవరూ చిన్న కారు అనలేదు. దాని 1489 సి.సి. పెట్రోలు ఇంజను ఇచ్చినది 50 గుఱ్ఱాలకు అటూ ఇటూ. మోయవలసిన సొంత బరువు మాత్రం 1100 కిలోలకు పైన. టన్నుకు ఇన్ని గుఱ్ఱాలని లెక్కిస్తే ఆల్టోయే బలవంతురాలు. 40 టన్నుల లారీకి 200 గుఱ్ఱాల ఇంజను ఉంటే టన్నుకు వచ్చేది ఐదే. ఆ లారీ కూడా అదే ర్యాంపు ఎక్కి అదే వరుసలో కలుస్తున్నది. అది నిదానంగా కలిసినా వెనుకవారు దూరం నుండే పోల్చుకొని దారి ఇస్తారు. చిన్న కారుకు ఆ గౌరవం దక్కదు.

ఇక గేరు సంగతి. ప్రమాదానికీ క్షేమానికీ మధ్య ఉన్న తేడా చాలావరకు ఇందులోనే ఉన్నది.

సామర్థ్యం అంటే ఇంజను టార్కును, అనగా త్రిప్పుబలాన్ని, తిరిగే వేగంతో గుణించినది. ఆల్టో ఇంజను గరిష్ఠ టార్కు 69 న్యూటన్ మీటర్లు. అది 3500 చుట్ల వద్ద వస్తుంది. ఆ చుట్ల వద్ద సామర్థ్యం 25 కిలోవాట్లు. పెట్రోలు పొదుపు కోసం చోదకుడు 50 కిలోమీటర్ల వేగంలోనే పై గేరు వేశాడనుకొందాం. ఇంజను 1500 చుట్ల దరిదాపుకు దిగుతుంది. అక్కడ టార్కు 69కి మించదు కాబట్టి సామర్థ్యం ఎట్టి పరిస్థితిలోను 11 కిలోవాట్లకు మించదు. నష్టాలు, నిరోధాలు పోగా చేతికందేది ఏడు. ఆక్సిలరేటరును నేలకు అదిమినా అంతే. అదే కారు క్రింది గేరులో, ఇంజను పెద్దగా అరుస్తూ ఉండగా, 18 మిగుల్చుతుంది.

ఈ ఏడుకూ పద్దెనిమిదికీ తేడా ఏమిటో ఒక లెక్క చెబుతుంది. కారు 50 కిలోమీటర్ల వేగంతోనే వరుసలో దూరింది. వెనుక 50 మీటర్ల దూరంలో 80 వేగంతో లారీ వస్తున్నది. లారీ బ్రేకు వేయలేదనుకొందాం. కారు 50 నుండి 80కి చేరడానికి కావలసిన శక్తి 150 కిలోజౌళ్లు. క్రింది గేరులో ఇది ఎనిమిది సెకన్ల పైచిలుకు. ఆ కాలంలో లారీ 186 మీటర్లు, కారు 154 మీటర్లు పోతాయి. ఎడం 50 నుండి 18 మీటర్లకు తగ్గుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో అది ఒక్క సెకనుకు కూడా చాలని దూరం. ముందున్న కారు బ్రేకు వేస్తే లారీ ఆగలేదు. అయినా తాకిడి తప్పినది. పై గేరులోనైతే 150 కిలోజౌళ్లకు 21 సెకన్లు పడుతుంది. అంత వ్యవధి దొరకదు. ఎనిమిది సెకన్లు నిండక ముందే లారీ వచ్చి కారును తాకుతుంది. కారు అదే, ఇంజను అదే, మనుషులూ వారే.

ఇంజను అరుపు విని బండి పాడవుతుందని భయపడి ముందుగానే పై గేరు వేసే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. ఊరిలో ఆ అలవాటు పొదుపే. ర్యాంపు మీద అది ప్రాణాంతకం కావచ్చును. గేరు దించి, చుట్లు పెంచి, వరుసవేగానికి ర్యాంపులోనే చేరి, తరువాత కలియాలి. పై లెక్కలో అసలు తప్పు 50తో దూరడమే. ర్యాంపు కొసన ఆగి, సందు దొరికినప్పుడు సున్నా నుండి బయలుదేరడం ఇంకా అపాయకరం.

కొన్ని చిల్లర కారణాలు కూడా పద్దెనిమిదిని తగ్గిస్తాయి. దారి నూటికి మూడు వంతుల ఎగువ అయితే వెయ్యి కిలోల కారును ఎత్తడానికి సగటున నాలుగున్నర కిలోవాట్లు పోతాయి. 190 మీటర్లు 255 దాటుతుంది. పల్లమైతే అదే 155 లోపు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాదులో గాలి సుమారు 5 శాతం పలుచన. 42 డిగ్రీల ఎండలో, 25 డిగ్రీలతో పోలిస్తే, ఇంకొక 5 శాతం. ఇంజను పీల్చే ఆమ్లజని ఆ మేరకు తగ్గుతుంది. ఆ ఎండలోనే శీతలయంత్రం కూడా నడుస్తుంది. అది ఇంజను మీదనే ఆధారపడి రెండు మూడు కిలోవాట్లు తీసుకొంటుంది. ఆక్సిలరేటరు పూర్తిగా నొక్కినప్పుడు దానిని క్షణకాలం ఆపివేసే ఏర్పాటు కొన్ని కార్లలో ఉన్నది. లేనివాటిలో ఆ పని చోదకుని వేలు చేయాలి.

విద్యుత్తు కార్లకు ఈ గేరు బాధ లేదు. మోటారు మొదటి చుట్టు నుండే నిండు టార్కు ఇస్తుంది. 2023లో వచ్చిన ఎం.జి. కామెట్ అనే బుల్లి కారు సామర్థ్యం 42 గుఱ్ఱాలే, ఆల్టో కంటె తక్కువ. అయినా గేరు మార్చే పని లేదు కాబట్టి ఆ సామర్థ్యాన్ని వెలికితీయడానికి చోదకుని నేర్పు అక్కర లేదు.

ఈ విషయాన్ని తరగతిలో ప్రయోగంగా చేయించవచ్చును. ఖాళీగా ఉన్న మంచి రోడ్డు మీద, అనుభవమున్న చోదకుడు నడుపుతూ ఉండగా, ప్రక్కన కూర్చున్నవారు కారు 30 నుండి 80 కిలోమీటర్లకు చేరడానికి పట్టిన సెకన్లను గడియారంతో గుర్తించాలి. చోదకుడు గడియారం చూడకూడదు. కారు బరువు, ఎక్కినవారి బరువు కూడితే ద్రవ్యరాశి తెలుస్తుంది. గతిశక్తుల తేడాను సెకన్లతో భాగిస్తే మిగులు సామర్థ్యం వస్తుంది. దానిని ఇంజనుపై ప్రకటించిన సంఖ్యతో పోల్చి, తక్కువైనది ఎక్కడెక్కడ పోయినదో విద్యార్థులచేత చెప్పించాలి. తరువాత నలుగురికి బదులు చోదకుడు ఒక్కడే ఉంటే దారి ఎంత తగ్గుతుందో లెక్క కట్టించాలి. మొత్తం బరువు 770 కిలోలు, మిగులు 18 కిలోవాట్లు అనుకొంటే తొమ్మిది సెకన్లు, 148 మీటర్లు వస్తుంది.