గాయం మానినా వీడని భయం

విరిగిన ఎముక అతికినదో లేదో ఎక్స్‌రే తెలుపుతుంది. మనస్సు కుదుటపడినదో లేదో ఏ యంత్రమూ చెప్పజాలదు. తీవ్రంగా గాయపడి కోలుకున్నవారిని పనికి దూరం చేసేది శారీరక దౌర్బల్యం ఒక్కటే కాదు. మళ్లీ దెబ్బ తగులుతుందేమోనన్న భయం, ఇతరులకు భారమైనామన్న న్యూనతాభావం కూడా. నొప్పికి వెరచి కదలకుంటే కండరాలు సడలుతాయి, నొప్పి హెచ్చుతుంది, దానితో భయమూ పెరుగుతుంది.

ఈ విషవలయాన్ని ఛేదించేది తగిన పని. డాక్టర్ మేరీ వర్గీస్ జీవితం ఇందుకు నిదర్శనం. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేస్తున్న ఆమెకు 1954లో మోటారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని, నడుము క్రింది భాగం చచ్చుబడింది. ఇక వైద్యవృత్తి ముగిసినట్లే తోచింది. అయితే కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు చేసే శస్త్రచికిత్సను కూర్చుండి చేయవచ్చును. డాక్టర్ పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో ఆమె చక్రాల కుర్చీలో నుండే ఆ చికిత్సలు చేశారు. పిదప న్యూయార్క్‌లో పునరావాస వైద్యం అభ్యసించి, వెల్లూరులో ఆ విభాగానికి సారథ్యం వహించారు. 1972లో పద్మశ్రీ పొందారు.

కాళ్లు తిరిగి రాలేదు. పని తిరిగి వచ్చింది. అందుకు కారణం జాలి కాదు, మిగిలిన శక్తికి తగిన బాధ్యత. ఉద్యోగకాలంలో వికలాంగులైన ప్రభుత్వోద్యోగులకు పాత పని సాధ్యపడనిచో, అదే వేతనశ్రేణిలో మరో పని చూపాలని 2016 నాటి చట్టం ఆదేశిస్తున్నది. చట్టం చేయలేనిది ఇంటివారూ, యజమానులూ చేయాలి: మొదట కొద్దిగంటల పని, క్రమంగా పూర్తి పని, “పాపం” అనే మాటకు బదులు “ఏమి చేయగలరు?” అనే ప్రశ్న.