మేఘాలయ గుహల్లోకి ట్రెక్కింగ్: లోపల అడుగుపెట్టక ముందే తేల్చుకోవాల్సిన విషయాలు

అరకు దారిలోని బొర్రా గుహలు, నంద్యాల జిల్లాలోని బెలూం గుహలు చూసినవారికి గుహ అనగానే టికెట్ కౌంటరు, మెట్లు, రంగురంగుల దీపాలు గుర్తొస్తాయి. బెలూం గుహల పొడవు 3,229 మీటర్లని సర్వేలో తేలింది. పర్యాటకులు తిరిగేది అందులో దాదాపు సగం మాత్రమే. ఎక్కడిదాకా వెళ్లొచ్చో, ఎక్కడ ఆగాలో నిర్వాహకులే ముందుగా నిర్ణయించి దారి వేశారు.

మేఘాలయలో సోహ్రా (చిరపుంజి) దగ్గరున్న మావ్‌స్మాయ్ గుహ కూడా ఇలాంటిదే. సుమారు 150 మీటర్ల మేర దీపాలు పెట్టారు. కానీ ఆ రాష్ట్రంలోని గుహల్లో అత్యధికం ఇలా ఉండవు. దీపాలుండవు, దారి చూపే బోర్డులుండవు, లోపల ఫోన్ సిగ్నల్ అందదు. ఎక్కడ ఆగాలో వెళ్లినవారే నిర్ణయించుకోవాలి. అందుకే అక్కడి భద్రత చాలావరకు గుహ బయట, ప్రయాణానికి ముందు తీసుకునే నిర్ణయాల మీదే ఆధారపడి ఉంటుంది.

మేఘాలయలోనే ఎందుకిన్ని గుహలు?

ఖాసీ భాషలో గుహను 'క్రెమ్' అంటారు. ఖాసీ, జయంతియా, గారో కొండల్లో సున్నపురాయి పొరలు విస్తారంగా ఉన్నాయి. వాననీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని స్వల్ప ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు పగుళ్లలోకి దిగి, వేల ఏళ్లపాటు రాతిని కరిగిస్తూ సొరంగాలు చేస్తుంది.

షిల్లాంగ్‌లోని మేఘాలయ అడ్వెంచరర్స్ అసోసియేషన్, విదేశీ గుహాన్వేషకులతో కలిసి 1990ల నుంచి ఈ గుహలను సర్వే చేస్తోంది. జయంతియా కొండల్లోని క్రెమ్ లియాట్ ప్రా పొడవు 30 కిలోమీటర్లు దాటింది. మావ్‌సిన్‌రామ్ ప్రాంతంలోని క్రెమ్ పురి ఇసుకరాయిలో ఏర్పడిన గుహ. దాని పొడవు 24.5 కిలోమీటర్లని 2018లో లెక్కగట్టారు. సోహ్రా సమీపంలోని క్రెమ్ మావ్‌మ్లూలో దొరికిన స్టాలగ్మైట్ ఆధారంగానే, సుమారు 4,200 ఏళ్ల కిందట మొదలైన భూయుగ దశకు 2018లో 'మేఘాలయన్' అని పేరు పెట్టారు.

అసలు ప్రమాదం వాన

కొత్తగా వెళ్లేవారు చీకటికి, గబ్బిలాలకు, పాములకు భయపడతారు. అనుభవజ్ఞులు ముందుగా ఆలోచించేది వాన గురించి. ఈ గుహల్లో చాలావాటిని తొలిచింది నీరే. వానాకాలంలో అదే నీరు మళ్లీ అదే దారిన వస్తుంది.

2022 జూన్ 17న మావ్‌సిన్‌రామ్‌లో 24 గంటల్లో 1,003.6 మిల్లీమీటర్ల వాన నమోదైంది. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసే సగటు వాన కంటే ఇది ఎక్కువ. అంత నీరూ కొండమీద గోతుల్లోంచి, పగుళ్లలోంచి కిందికి దిగుతుంది. గుహ ముందు ఎండ కాస్తున్నా, కొండకు అవతలి వైపు కురిసిన వాన కొన్ని గంటల తర్వాత లోపలికి చేరొచ్చు.

థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో జరిగింది ఇదే. 2018 జూన్ 23న 12 మంది బాల ఫుట్‌బాల్ ఆటగాళ్లు, వారి సహాయ కోచ్ కాసేపు తిరిగొద్దామని లోపలికి వెళ్లారు. జులై నుంచి నవంబర్ వరకు గుహలోకి నీరు వస్తుందని ముఖద్వారం దగ్గర హెచ్చరిక బోర్డు ఉంది. వాళ్లు వెళ్లింది జూన్‌లో. ఈలోపే భారీ వానలు పడి తిరుగుదారి మునిగిపోయింది. వారి ఆచూకీ జులై 2న దొరికింది, జులై 10 నాటికి గానీ అందరినీ బయటికి తేలేకపోయారు. సహాయక చర్యల్లో ఉన్న థాయ్ నౌకాదళ మాజీ డైవర్ సమన్ కునన్ ప్రాణాలు కోల్పోయారు. క్యాలెండర్ చూసుకుంటే సరిపోదని, ఆ వారం వానల తీరు కూడా చూడాలని ఈ ఘటన చెబుతోంది.

ఎప్పుడు వెళ్లాలి?

నవంబర్ చివరి నుంచి మార్చి మొదటి వారాల వరకు అనువైన కాలం. సర్వే బృందాలు కూడా ఎక్కువగా ఫిబ్రవరి ప్రాంతంలోనే వెళ్తాయి. వేసవిలో ఉరుములతో కూడిన వానలు మొదలవుతాయి కాబట్టి ఏప్రిల్ నుంచి గుహల ఆలోచన మానుకోవడం మంచిది. అనువైన కాలంలోనైనా వాతావరణ శాఖ జిల్లా సూచన చూడాలి. ముందు రెండు మూడు రోజుల్లో వాన పడిందేమో ఊరివాళ్లను అడగాలి. అనుమానం ఉంటే ఆ రోజుకు మావ్‌స్మాయ్ లాంటి దీపాలున్న గుహతో సరిపెట్టుకోవాలి.

ఎవరి అనుమతి కావాలి?

మేఘాలయ రాజ్యాంగంలోని ఆరో షెడ్యూల్ కిందికి వస్తుంది. భూమిలో అధిక భాగం వంశాలు, గ్రామ సమాజాల చేతుల్లో ఉంటుంది. అందుకే గుహకు వెళ్లాలంటే ఆ ఊరి పెద్ద, గ్రామ దర్బారు అనుమతి తీసుకోవాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, భద్రత కూడా. ఎవరు లోపలికి వెళ్లారో ఊరికి తెలుస్తుంది. ఏ మలుపు దగ్గర నీరు ఎంత లోతుంటుందో తెలిసిన గైడ్ ఊళ్లోనే దొరుకుతాడు. గ్రామాల్లో క్రైస్తవులు ఎక్కువ కాబట్టి ఆదివారం చర్చి వేళల్లో గైడ్ దొరక్కపోవచ్చు. గైడ్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న గుహ ఎంత అందంగా ఉంటుందని కాదు, ఈ సీజన్‌లో చివరిసారి ఎప్పుడు లోపలికి వెళ్లారని.

ఎంతమంది, ఏమేం తీసుకెళ్లాలి?

గుహాన్వేషకులు కనీసం నలుగురు ఉండాలంటారు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుంటారు, మిగిలిన ఇద్దరు కలిసి సాయం కోసం బయటికి వస్తారు. ముగ్గురే ఉంటే సాయం కోసం ఒక్కరే చీకట్లో రావాల్సి వస్తుంది.

మనిషికి మూడు లైట్లు ఉండాలి. ఒకటి హెల్మెట్ మీద, రెండు విడిగా, అదనపు బ్యాటరీలతో. ఫోన్ టార్చ్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. గడ్డం కింద బిగించే పట్టీ ఉన్న హెల్మెట్, పట్టున్న బూట్లు, చేతి తొడుగులు, మోకాలి ప్యాడ్లు అవసరం. మావ్‌మ్లూ లాంటి చోట్ల నీళ్లలో నడవాల్సి ఉంటుంది. తడిసిన నూలు బట్టలు ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. సింథటిక్ లేదా ఉన్ని బట్టలు నయం. తాగునీరు, తిండి, ప్రథమ చికిత్స సామగ్రి, ఒంటికి చుట్టుకునే రేకు దుప్పటి నీరు చొరని సంచిలో పెట్టుకోవాలి.

గబ్బిలాల రెట్ట పేరుకున్న చోట హిస్టోప్లాస్మోసిస్ అనే ఊపిరితిత్తుల ఫంగస్ వ్యాధి సోకే వీలుంది. అలాంటి చోట దుమ్ము లేపకూడదు, మాస్కు వేసుకోవాలి. ఆస్తమా ఉన్నవారు, రోగనిరోధక శక్తి తక్కువున్నవారు వెళ్లకపోవడమే మేలు.

లోపల ఏం గమనించాలి?

వెళ్లేటప్పుడు కనిపించే దారికి, వచ్చేటప్పుడు కనిపించే దారికి పోలిక ఉండదు. అందుకే ప్రతి చీలిక దగ్గర వెనక్కి తిరిగి చూసి గుర్తు పెట్టుకోవాలి. పైకప్పుకు పుల్లలు, ఆకులు అతుక్కుని ఉంటే నీరు అక్కడిదాకా వచ్చిందని అర్థం. నీరు హఠాత్తుగా బురదగా మారినా, ప్రవాహం హోరు పెరిగినా వెంటనే వెనుదిరగాలి. తలనొప్పి, ఆయాసం మొదలైతే అక్కడ గాలి సరిగా ఆడటం లేదని అనుమానించి బయటికి రావాలి.

నిలువు గోతులున్న వైపు తాడు, శిక్షణ లేకుండా పోకూడదు. కొడైకెనాల్ గుణ గుహల్లో 2006లో ఒక యువకుడు గోతిలో పడిన ఘటనను 'మంజుమ్మెల్ బాయ్స్' సినిమాలో తెలుగు ప్రేక్షకులూ చూశారు. అతని స్నేహితుడు దిగి పైకి తీసుకురాగలిగాడు. అలాంటి అదృష్టాన్ని నమ్ముకుని ఎవరూ ప్రయాణం వేసుకోలేరు.

సాయం ఎంతసేపట్లో వస్తుంది?

జాతీయ విపత్తు స్పందన దళం ఒకటో బెటాలియన్ ఉండేది గువాహటిలో. అక్కడి నుంచి షిల్లాంగ్‌కే సుమారు 100 కిలోమీటర్ల కొండదారి. మారుమూల ఊళ్లకు చేరేసరికి గంటలు గడిచిపోతాయి. తూర్పు జయంతియా కొండల్లోని క్సాన్‌లో 2018 డిసెంబర్ 13న బొగ్గు గనిలోకి నీరు చేరి 15 మంది కార్మికులు చిక్కుకున్నారు. నౌకాదళ డైవర్లు దిగినా తొలి మృతదేహాన్ని గుర్తించడానికి నెలకు పైగా పట్టింది. గని వేరు, గుహ వేరు. కానీ నీరు నిండిన భూగర్భంలో వెతకడం ఎంత కష్టమో ఇది చెబుతుంది.

కాబట్టి తొలి సాయం తమ బృందమే అనుకుని వెళ్లాలి. నీరు పెరిగి దారి మూసుకుపోతే ఈదే ప్రయత్నం చేయకూడదు. ఎత్తైన, పొడిగా ఉన్న చోటికి చేరి, దగ్గరగా కూర్చుని, ఒక్క లైటే వెలిగించుకుని నీరు తగ్గేదాకా ఆగాలి.

ఇలా ఆగినవారి కోసం బయట ఎవరో ఒకరు కదలాలి. అందుకు వెళ్లే ముందే ఊళ్లో ఒక వ్యక్తికి గుహ పేరు, సభ్యుల సంఖ్య, తిరిగొచ్చే సమయం చెప్పాలి. ఫలానా వేళ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో రాసివ్వాలి. లోపల ఎంత బాగున్నా, సగం సమయం అయిపోగానే వెనక్కి తిరగాలి. బయటికొచ్చాక ఆ వ్యక్తికి కబురు చెప్పడం మరిచిపోకూడదు. లేదంటే లోపల లేని మనుషుల కోసం ఊరంతా చీకట్లో గుహలోకి దిగాల్సి వస్తుంది.