చలి రాత్రుల్లో తీరం కాపలా

రామతీర్థంలో గుడి రాములవారిది. అయినా అక్కడ శివరాత్రికి కూడా పెద్ద జాతర జరుగుతుంది. శివరాత్రికి చలి ‘శివ శివా’ అంటూ వెళ్లిపోతుందని పెద్దల మాట. నాగుల చవితినాటికి మంచు మొదలవుతుంది. అక్కడి నుంచి శివరాత్రి దాకా, సుమారు నాలుగు నెలలు, మన వైపు చలికాలం. పొలాల్లో కోతలు. కళ్లాల్లో నూర్పులు. ఇంటిల్లిపాదికీ చేతినిండా పని.

ఈ నాలుగు నెలలే అటవీశాఖ వారికి కూడా పని ఎక్కువ. వాళ్లకు అంత పనేముంటుంది అని చాలామంది అనుకుంటారు. ‘ఫారెస్టోళ్లు’ అంటే కట్టెల మోపు దింపించేవారు, కత్తి లాక్కునేవారు. మన ఆడవాళ్లకు వాళ్లు అలాగే తెలుసు. అది అబద్ధమూ కాదు. కానీ చలికాలంలో వాళ్లు చేసే పని ఇంకొకటి ఉంది. అది చాలావరకు రాత్రిపూట జరుగుతుంది. అందుకే మన కంట పడదు.

అటవీశాఖ తన పనిచోటును ముక్కలుగా చేసుకుంటుంది. ఒక్కొక్క ముక్క ఒక బీటు. బీటుకు ఒక బీట్ ఆఫీసరు. పూర్వం వీరినే ఫారెస్టు గార్డు అనేవారు. కొన్ని బీట్లు కలిస్తే సెక్షను. కొన్ని సెక్షన్లు కలిస్తే రేంజి. ఇప్పుడు ఆడపిల్లలు కూడా పరీక్ష రాసి బీట్ ఆఫీసర్లు అవుతున్నారు. బీటంటే ఎన్నో ఊళ్లు, కొండలు, గెడ్డలు. చూసుకోవలసింది మాత్రం ఒక్క మనిషి. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి.

కొండ వైపు, అంటే పార్వతీపురం మన్యం జిల్లాలో, చలికాలం అంటే ఏనుగుల భయం. ఒడిశా కొండల నుంచి దిగి వచ్చిన ఏనుగులు ఏళ్లుగా అక్కడ తిరుగుతున్నాయి. వరి పండితే చాలు, చేలో దిగుతాయి. చెరకు, అరటి అన్నా వాటికి ప్రాణం. బీట్ ఆఫీసరు, కూడా ఉండే ట్రాకర్లు రాత్రంతా గుంపు వెనకాలే నడుస్తారు. గుంపు ఎటు తిరిగితే అటు ఊరికి ముందే కబురు పంపుతారు. పంట పోయిన వాళ్లున్నారు. మనిషిని పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. 2023 మే నెలలో భామిని మండలంలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి. అటూ నష్టమే, ఇటూ నష్టమే.

తేలినీలాపురం సంగతి కొంచెం చల్లని సంగతి. ఇది శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలో ఉంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడి చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. గూళ్లు కడతాయి. పిల్లల్ని చేస్తాయి. ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. అందరూ వాటిని ‘సైబీరియా పక్షులు’ అంటారు. పక్షుల శాస్త్రం చదివిన వారు మాత్రం ఒప్పుకోరు. ఈ రెండు జాతులూ మన దేశంలో, చుట్టుపక్కల దేశాల్లోనే ఉంటాయట. ఊరి వాళ్లకు ఆ లెక్కతో పనిలేదు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు అత్తిల్లు ఎంత దూరమైతేనేం! గూట్లోంచి జారిపడిన పిల్లలను ఏరడం, చేపలు పెట్టి సాకడం అక్కడి అటవీ సిబ్బంది పని. 2021 చివర, 2022 మొదట్లో అక్కడ వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. పరీక్ష చేస్తే కడుపులో పురుగులు ఉన్నాయి. తిన్న చేపల ద్వారా వచ్చి ఉంటాయని అన్నారు.

ఇక సముద్రం ఒడ్డుకు వెళ్దాం. రాత్రి పని అసలు ఉండేది అక్కడే.

ఒడ్డుకు వచ్చే తల్లి

నెల్లిమర్ల మీదుగా పారే చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడి నుంచి ఇచ్ఛాపురం దాకా ఇసుక ఒడ్డే. చెట్టు లేని ఈ చోట అటవీశాఖకు ఏం పని? తాబేళ్ల పని.

సముద్రంలో బతికే ఈ తాబేలును ఆలివ్ రిడ్లే తాబేలు అంటారు. పై డిప్ప రెండడుగులు పైనే ఉంటుంది. బరువు 35 కిలోల నుంచి 50 కిలోల దాకా తూగుతుంది. కాళ్లు తెడ్డుల్లా ఉంటాయి. బతుకంతా నీళ్లలోనే గడిచినా దీనికి చేపలాగా మొప్పలు లేవు. మనలాగే ఊపిరితిత్తులు ఉన్నాయి. మధ్య మధ్య పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. ఈ మాట తరువాత మళ్లీ వస్తుంది.

ఆడ తాబేలు గుడ్లు పెట్టడానికి మాత్రమే ఒడ్డెక్కుతుంది. డిసెంబరు, జనవరిలో మొదలై మార్చి దాకా వస్తూనే ఉంటాయి. ఎక్కువగా రాత్రిపూట వస్తాయి. అల తగలని పొడి ఇసుక చూసుకుని, వెనక కాళ్లతో అడుగున్నర లోతు గొయ్యి తీస్తుంది. గొయ్యి అచ్చం కుండలా ఉంటుంది. మూతి సన్నం, అడుగు వెడల్పు. అందులో 100 నుంచి 120 దాకా గుడ్లు పెడుతుంది. తెల్లగా, గుండ్రంగా, మెత్తటి పెంకుతో ఉంటాయి. ఇసుక కప్పి, ఒళ్లంతా ఊపి దిమ్మిస చేస్తుంది. ఆ సేపు దాని కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉంటాయి. పురిటి నొప్పులని చూసినవాళ్లు జాలిపడతారు. నిజానికి అది ఒంట్లో ఎక్కువైన ఉప్పును అలా బయటికి పంపుతుంది. గంట లోపల పని ముగించుకుని సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి గుడ్లను చూసుకోదు.

కోడిలాగా పొదిగేది లేదు. ఇసుక వేడే పొదుగుతుంది. 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఒక వింత ఏమిటంటే, ఇసుక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి, చల్లగా ఉంటే మగపిల్లలు. మగపిల్లాడు పుట్టలేదని తల్లిని ఆడిపోసుకునే అత్తగారు తాబేళ్లలో ఉండదు.

గుడ్లకు శత్రువులు చాలామంది. కుక్కలు, నక్కలు, అడవి పందులు తవ్వి తినేస్తాయి. కొన్నిచోట్ల మనుషులూ తవ్వుతారు. అందుకే రాత్రి కాపలా.

గుడ్లు ఏరే పని

ఒక్క బీట్ ఆఫీసరు ఇన్ని మైళ్ల ఒడ్డు తిరగలేడు. అందుకని పేటల్లోని మత్స్యకారుల పిల్లలనే ఆ నాలుగు నెలలూ కాపలాకు పెట్టుకుంటారు. వాళ్లకు ఇసుక తెలుసు, ఆటుపోట్లు తెలుసు. అర్ధరాత్రి దాటాక కంబళి కప్పుకుని ఒడ్డు వెంట నడుస్తారు. తెల్ల లైటు వెయ్యరు. లైటు చూస్తే తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగి పోతుంది. ట్రాక్టరు చక్రం పోయినట్టు ఇసుక మీద రెండు చాళ్లు కనిపిస్తే, అది తాబేలు ఎక్కిన దారి.

గొయ్యి దొరికాక తొందరపడాలి. పెట్టిన కొన్ని గంటల్లోపే గుడ్లు తీయాలి. ఆలస్యమైతే లోపల పిండం పెంకుకు అంటుకుంటుంది. అప్పుడు గుడ్డు తిరగబడితే పిల్ల చచ్చిపోతుంది. ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి ఉంచి, ఒక్కొక్కటీ తీసి, తడి ఇసుకతో సహా సంచిలో పెడతారు. తెల్లారేలోగా హేచరీకి చేరుస్తారు. హేచరీ అంటే పెద్ద భవనం కాదు. ఒడ్డునే వల కట్టిన చిన్న దొడ్డి. అందులో తల్లి తీసినట్టే కుండ ఆకారంలో, అంతే లోతు గొయ్యి తీసి గుడ్లు పాతుతారు. పక్కన చిన్న బద్ద మీద తేదీ, గుడ్ల లెక్క రాస్తారు. ఈ రాత చాలా ముఖ్యం. తేదీ ఉంటేనే పిల్లలు ఎప్పుడు వస్తాయో తెలుస్తుంది. రోజులు దగ్గర పడగానే గోతి మీద గంప బోర్లిస్తారు.

పేటల్లో బీట్ ఆఫీసరుకూ, చేపలమ్మే ఆడవాళ్లకూ మధ్య ఇలాంటి మాటలు నడుస్తూ ఉంటాయి.

“గుంటలు ఆడుకుంటూ తెచ్చినారు బాబూ. గుడ్డే కదా, ఉడకేస్తే తప్పేటి?”

“తప్పే అప్పా. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలుంది. జైలు మాట అలా ఉంచు. వెయ్యి పిల్లలు సముద్రంలో దిగితే ఒక్కటి పెద్దదవడం గొప్ప. నువ్వు ఉడకేసే గుడ్లు నూటిరవై.”

“అవి బతికితే మాకేటి లాభం?”

“ఒళ్లు తగిల్తే మండుతాయే, జెల్లీ చేపలు, వాటిని తినేది ఈ తాబేలే అప్పా. ఆ జెల్లీలు చేప గుడ్లనీ, చేప పిల్లల్నీ మింగేస్తాయి. ఇక నీ గంపలోకి చేపలెక్కడివి?”

చట్టం ఉన్న మాట నిజం. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. పులికి ఎంత రక్షణ ఉందో ఈ తాబేలుకూ అంతే. కానీ ఒడ్డున చట్టం కన్నా ముందు పనికొచ్చేది నమ్మకం. శ్రీకూర్మంలో దేవుడే తాబేలు రూపంలో ఉన్నాడు. ఆ గుడి ఉన్న జిల్లాలో తాబేలు గురించి చెప్పడం మరీ కష్టం కాదు.

వల, ప్రాణం

చలికాలంలో ఒడ్డుకు బతికిన తాబేళ్లే కాదు, చచ్చినవీ కొట్టుకొస్తాయి. బీట్ ఆఫీసరుకు అదీ పనే. చచ్చినదాన్ని కొలుస్తారు. రెండుసార్లు లెక్కపెట్టకుండా డిప్ప మీద రంగు గుర్తు వేస్తారు. అవసరమైతే పశువుల డాక్టరు కోసి చూస్తారు. తరువాత పాతిపెడతారు. 2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల తీరంలో వందల తాబేళ్లు ఇలా చచ్చి ఒడ్డుకు వచ్చాయి.

ఎక్కువగా చచ్చేది వలల్లో చిక్కుకుని. తాబేలు గాలి పీల్చుకోవాలని ముందే అనుకున్నాం. మరబోటు లాగే పెద్ద వలలో పడితే పైకి రాలేదు. గింజుకుని, ఊపిరి ఆడక చచ్చిపోతుంది. దీనికి ఒక ఉపాయం ఉంది. వల మధ్య ఇనప కమ్మీల చట్రం బిగిస్తారు. దాని పక్కనే ఒక కంత ఉంటుంది. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి లోపలికి పోతాయి. తాబేలు కమ్మీలకు తగిలి కంతలోంచి బయటపడుతుంది. కొన్ని చేపలు కూడా ఆ కంతలోంచి పోతాయని బోటువాళ్లు దీన్ని ఇష్టపడరు. మన దేశపు బోట్లు ఈ చట్రం వాడటం లేదని 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలను కొనడం ఆపేసింది. చేపలు పోతాయని చట్రం వద్దంటే, బేరమే పోయింది.

చిన్న తెప్పల వాళ్ల సంగతి వేరు. వాళ్ల వలలో తాబేలు చుట్టుకుంటే వల కోసి వదలాలి. వల కొనడానికి అప్పు చేసి ఉంటారు. ఆ వల అల్లేది, చిరిగితే బాగుచేసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లు కూడా. ‘కోసెయ్యి’ అని ఒడ్డున నిలబడి చెప్పడం తేలిక. మహారాష్ట్రలో 2018 చివర ఒక పద్ధతి పెట్టారు. తాబేలును వదలడానికి వల కోసుకుంటే ప్రభుత్వం 25,000 రూపాయల దాకా నష్టం ఇస్తుంది. అదే న్యాయం. తాబేలు అందరిదీ అయినప్పుడు దాని ఖర్చు ఒక్క ఇంటి మీద పడకూడదు.

పిల్లలు వెళ్లే రోజు

పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని ఒక్కసారిగా, గుంపుగా, ఇసుక పైకి వస్తాయి. ఒక్కొక్కటీ చంటిబిడ్డ అరచేతిలో పట్టేంత. లెక్కపెట్టి, తెల్లవారుజామున కానీ, పొద్దు గుంకాక కానీ వదులుతారు. నీళ్లలో తీసుకెళ్లి వెయ్యరు. నీటికి కొంచెం దూరంలో ఇసుక మీద పెట్టి నడవనిస్తారు. ఆడపిల్ల పెద్దదై, ఏళ్ల తరువాత, తాను పుట్టిన తీరం వైపే గుడ్లు పెట్టడానికి వస్తుంది. అప్పటికి ఈ ఒడ్డు దానికి గుర్తుండాలి.

చీకట్లో సముద్రం వైపు ఆకాశం కాస్త వెలుగుగా ఉంటుంది. పిల్లలు ఆ వెలుగు చూసుకుని నడుస్తాయి. ఒడ్డున వీధిలైటో, రొయ్యల చెరువు లైటో గట్టిగా వెలుగుతుంటే దాని వైపు తిరిగిపోతాయి. తెల్లారేసరికి కాకులు ఏరుకుంటాయి. అందుకే ఆ రోజుల్లో ఒడ్డు ఇళ్లవారిని లైటు ఆర్పమని, కుక్కలను కట్టెయ్యమని బీట్ ఆఫీసరు ఇంటింటికీ వచ్చి అడుగుతాడు.

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని గంజాం జిల్లాకు వెళ్తే రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు ఉంది. అక్కడ తాబేళ్లు ఒకటీ అరా కాదు, కొద్ది రోజుల్లో లక్షలుగా ఒడ్డెక్కుతాయి. 2025 ఫిబ్రవరిలో ఆరు లక్షలకు పైగా వచ్చి గుడ్లు పెట్టాయి. అన్నిటిని ఏరి దొడ్డిలో పెట్టడం ఎవరి తరమూ కాదు. అక్కడ ఒడ్డు మొత్తానికే కంచె వేసి కాపలా కాస్తారు.

శివరాత్రి వెళ్లాక కూడా కొన్ని గోతుల్లో పిల్లలు మిగిలి ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ సరికి హేచరీ దొడ్డి ఖాళీ అవుతూ వస్తుంది. వల విప్పి, చుట్టి, రాసిన బద్దలు ఏరి, లెక్క రేంజి ఆఫీసుకు పంపుతారు. కొండల మీద ఎండుటాకులకు నిప్పు అంటుకునే కాలం అప్పటికే మొదలై ఉంటుంది.