తీర్పు వచ్చింది... అప్పీలుకు పోవచ్చా?



మన ఊళ్ళలో భూమి తగాదా లేని కుటుంబం అరుదు. కోర్టు నుంచి ఏ కాగితం వచ్చినా "కేసు పోయింది" అని దిగులుపడేవారు కొందరు. "అసలు తీర్పు ఇంకా రాలేదులే" అని నిశ్చింతగా ఉండేవారు మరికొందరు. రెండూ ప్రమాదమే. ప్రతి ఉత్తర్వు మీదా అప్పీలు ఉండదు. అలాగని ప్రతిదానికీ చివరిదాకా ఆగితే ఉన్న హక్కు పోవచ్చు.

సివిల్ కేసులకు ఆధారం 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్. దావాలోని హక్కులను ఆ కోర్టు వరకు నిశ్చయంగా తేల్చే నిర్ణయాన్ని అది డిక్రీ అంటుంది. సాధారణంగా డిక్రీ మీద 96వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. ప్రతివాది రానందున ఏకపక్షంగా ఇచ్చిన డిక్రీకి కూడా ఇది వర్తిస్తుంది.

మరి కేసు నడుస్తుండగా వచ్చే ఉత్తర్వుల సంగతేమిటి? సాక్షిని మళ్ళీ పిలవడానికి జడ్జిగారు ఒప్పుకోలేదనుకోండి. దానిపై వెంటనే అప్పీలు లేదు. ఇలాంటి ప్రతిదానికీ పై కోర్టుకు పోతే కేసు ఎప్పటికీ తెమలదు. అయితే ఆ అభ్యంతరం వృథా కాదు. ఆ ఉత్తర్వు తీర్పును దెబ్బతీసి ఉంటే, డిక్రీపై వేసే అప్పీలులో దాన్ని ప్రశ్నించవచ్చని 105వ సెక్షన్ చెబుతోంది. కొన్ని ఉత్తర్వులు మాత్రం ఆగితే నష్టం చేస్తాయి. తాత్కాలిక ఇంజంక్షన్ ఇచ్చినా, నిరాకరించినా 43వ ఆర్డరు కింద వెంటనే అప్పీలు చేయవచ్చు.

అసలు చిక్కు భాగపంపకాల దావాలో ఉంది. ఇందులో రెండు మెట్లుంటాయి. ఎవరికి ఎంత వాటా అన్నది ప్రాథమిక డిక్రీ తేలుస్తుంది. కొలతలు వేయించి ఏ ముక్క ఎవరిదో చెప్పేది తుది డిక్రీ. ఒక అక్కకు వాటా లేదని ప్రాథమిక డిక్రీ వచ్చిందనుకుందాం. "తుది డిక్రీ రానీ, అప్పుడు చూద్దాం" అని ఆమె ఊరుకుంటే, ఆ తర్వాత వేసే అప్పీలులో ప్రాథమిక డిక్రీ తప్పని వాదించడానికి 97వ సెక్షన్ ఒప్పుకోదు. పేరు ప్రాథమికమే గాని, వాటాల విషయంలో అప్పీలుకు అదే సమయం.

మధ్యలో చట్టమే మారితే అది వేరు సంగతి. కుమార్తెలకు సమాన హక్కునిచ్చిన 2005 సవరణను, తుది డిక్రీ ఇంకా రాని దావాలో లెక్కలోకి తీసుకుని వాటాలు మార్చవచ్చని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళినదే.

గడువు గుర్తుంచుకోండి. డిక్రీ తేదీ నుంచి జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. సర్టిఫైడ్ కాపీ తయారీకి పట్టిన రోజులు ఇందులో లెక్కించరు. కనుక తీర్పు రాగానే కాపీకి దరఖాస్తు పెట్టాలి. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. స్టే విడిగా అడగాలి.

ఫీజుకు భయపడి ఆగనక్కర్లేదు. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ట్రంకుపెట్టెలో ఉన్న కోర్టు కాగితాలు తీసి చదవండి. అది ఉత్తర్వా, డిక్రీయా, తేదీ ఎంత? ఈ మూడూ అమ్మానాన్నలకు చెప్పగలిగితే మన చదువు ఆ ఇంటికి అక్కరకు వచ్చినట్టే.