సీసాలో పెరిగే బిళ్ళగన్నేరు

బిళ్ళగన్నేరు లేని పెరడు మన వైపు అరుదు. గోడ పగుళ్లలోనైనా మొలిచి ఏడాది పొడవునా పూసే ఈ మొక్క నిజానికి మడగాస్కర్ దీవికి చెందినది. అందువల్లనే మన ప్రాచీన నిఘంటువులలో దీని ప్రసక్తి కానరాదు. అయినా కొన్ని రకాల కేన్సర్లకు వాడే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే మందులకు మూలం దీని ఆకే.

చిక్కల్లా ఆకులో వాటి పాలు అత్యల్పం కావడమే. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకు కావలెను. ఆకుకు బదులు మొక్క కణాలనే పెంచి మందు తీయవచ్చునా? టిష్యూ కల్చర్ అనే కణజాల వర్ధనం ఆశించినది ఇదే. ఆకునో వేరునో చిన్న ముక్క కోసి, సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేసి, చక్కెర, లవణాలు, హార్మోనులు కలిపిన పోషక ద్రవ్యంపై ఉంచుతారు. కొన్ని వారాలకు అది ఆకారం లేని కణాల ముద్ద అవుతుంది. దానిని విడదీసి పెద్ద తొట్లలో, ద్రవంలో పెంచవచ్చును.

జపానువారు 1983లో దీనిని వ్యాపార స్థాయికి తెచ్చినారు. అక్కడి సంప్రదాయ వైద్యంలో కాలిన పుండ్లకు వాడే ఒక మొక్క వేరులో షికోనిన్ అనే ఎర్రని పదార్థమున్నది. వేరులో అది నూటికి ఒకటి రెండు పాళ్లే. తొట్టిలోని కణాలలో సుమారు 14 పాళ్లు, అదీ మూడు వారాల పైచిలుకులో. మొదటి తొట్టిలో కణాలను పుష్టిగా పెంచి, రెండవ తొట్టిలో పోషక ద్రవ్యాన్ని మార్చడమే అందులోని కిటుకు. మరొక ఉపాయమూ ఉన్నది. మొక్క ఆత్మరక్షణకు చేసుకొనే పదార్థాలే తరచు మనకు మందులు. పురుగు కొరికినప్పుడు మొక్కలో పుట్టే జాస్మోనేట్ వంటి సంకేత ద్రవ్యాన్ని తొట్టిలో కలిపితే, కణాలు దాడి జరిగిందని భ్రమపడి ఆ పదార్థాలను అధికంగా తయారుచేస్తాయి!

బిళ్ళగన్నేరు మాత్రం ఇంత సులువుగా లొంగలేదు. విన్‌బ్లాస్టిన్ రెండు భాగాల కలయిక. కాథరాంథిన్ అనే భాగాన్ని సీసాలోని కణాలు చేయగలవు. విండొలిన్ అనే రెండవ భాగానికి పచ్చని ఆకు కావలెను. ఆకులోని వేర్వేరు కణాలు పని పంచుకొంటేనే అది తయారవుతుంది. ముద్దకు ఆకేది? ద్రవ్యంలో ప్రయోజ్యాంగమేదో, ఆకో వేరో బెరడో, తప్పక చూడుమని గురువుల వద్ద నేర్చిన మాకు ఇది వింతగా తోచదు. 2022లో శాస్త్రజ్ఞులు ఈస్టుచేత రెండు భాగాలనూ చేయించి, పిదప వాటిని రసాయన పద్ధతిన కలిపినారు. ఒకే పదార్థం కావలసిన చోట ఇటువంటి మార్గాలు మేలే. కషాయానికి మాత్రం కణాల ముద్దను మూలిక అని నేను ఒప్పుకోను.

ఇక, మధుమేహానికి ఈ ఆకు నమిలేవారు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఈ నమ్మకాన్నే పరీక్షించినారు. ఎలుకలకు ఆకు సారం తాగిస్తే చక్కెర తగ్గలేదు; సూదిమందుగా ఇస్తే రక్తంలోని తెల్లకణాలు పడిపోయినవి. కేన్సరు మందు అట్లా బయటపడినది. దానిని వైద్యులు రక్తకణాల లెక్క చూస్తూ, కొలిచి, సిరలోకి ఎక్కిస్తారు. పెరటి ఆకుకు ఆ కొలత లేదు. ఇంట ఎవరైనా నములుతుంటే నేడే మాన్పించి, ఆ సంగతి వైద్యునికి తెలుపండి.